మొహం అట్ట మీద, కాళ్ళు వెనక

2025 నవంబరు 20కి రష్యన్ బ్యాలే నర్తకి మాయా ప్లిసెత్స్కయ పుట్టి వందేళ్ళు. 1925లో మాస్కోలో పుట్టి, 2015లో మ్యూనిక్‌లో కన్నుమూసిన మనిషి. హన్మకొండలో కూర్చుని ఆ రోజంతా ఆవిడనే తలుచుకున్నాను. పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే మొదలైన యాది రాత్రి దాకా వదల్లేదు. బ్యాలే అంటే నాకు ప్రాణం. థియేటర్లో కూర్చుని చూసే అదృష్టం పట్టలేదు. ఫొటోల్లో, టీవీలో, కేసెట్లలో, ఇప్పుడు ఫోన్లో చూసిందే. అయినా ఏ నర్తకి గొప్పది, ఏ రికార్డింగు మంచిదన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. అవన్నీ వరంగల్‌లో ఏర్పడినవే.

మా బాపు ఆజంజాహి బట్టల మిల్లు కార్మికుడు. సైరన్ కూస్తే వాడ లేచేది. మళ్ళీ కూస్తే ఎసరు పెట్టేవాళ్ళు. ఇంకోసారి కూస్తే గల్లీ నిండా సైకిల్ బెల్లులు. గడియారం ఉన్న ఇళ్ళు తక్కువ, దాని అవసరమూ తక్కువే. షిఫ్టు దిగి వచ్చిన బాపు కనుబొమల్లో దూది నూగు ఉండేది. అప్పుడప్పుడు చంకలో, రష్యా సంగతులు చెప్పే 'సోవియట్ భూమి' పత్రిక ఉండేది. యూనియన్‌లో ఎవరో చందా కట్టేవారు, అది నాలుగు చేతులు మారి మా ఇంటికి చేరేది.

ఆ కాగితం నునుపు, ఆ రంగుల వాసన ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. బాపుకు లోపలి వ్యాసాలు కావాలి, మాకు బొమ్మలున్న పేజీలు కావాలి. బడి తెరిచే ముందు ఇంట్లో మైదా లై ఉడికేది. ఆ పేజీలే మా పుస్తకాలకు అట్టలు. తమ్ముడు రాకెట్లు, ట్రాక్టర్లు ఏరుకునేవాడు. ఒక ఏడు నాకు ఒక నిలువు బొమ్మ దొరికింది. తెల్లని ఈకల తలపాగా, పైకెత్తిన చేతులు, కాలి వేళ్ళ కొసల మీద నిలబడ్డ మనిషి. కింద మాయా ప్లిసెత్స్కయ అని పేరు.

పేజీ నిలువుది, అట్టకేమో అడ్డంగా వెయ్యాలి. లెక్కల పుస్తకానికి చుట్టేసరికి మడత సరిగ్గా ఆమె నడుము మీద పడింది. మొహం, చేతులు ముందు అట్ట మీద, కాళ్ళు వెనక అట్ట మీద. పుస్తకం మూసి ఉంటే సగం మనిషే కనిపించేది. తెరిచి బోర్లా పెట్టి, తల పక్కకు వంచి చూస్తే గానీ నిండు మనిషి దొరికేది కాదు. క్లాసులో లెక్క అర్థం కాని ప్రతిసారీ పుస్తకం బోర్లా పెట్టేదాన్ని.

నాయినమ్మ ఒకరోజు ఆ అట్ట తీసుకుని దీపం దగ్గరికి పోయింది. చదువు రాదు కాబట్టి పేరుతో ఆమెకు పని లేదు. మొహం ఓసారి చూసి, పుస్తకం తిప్పి, కాళ్ళ మీద వేలు పెట్టింది.

"ఏళ్ళ మీద నిలవడ్డదే ఈ పొల్ల! లోపట కట్టె ఏమన్న పెడుతరా?"

ఎవరికీ తెలియదు. చాలా ఏళ్ళకు చదివాను. ఆ బూట్ల ముక్కులో కట్టె ఉండదు, ఇనుమూ ఉండదు. గుడ్డ పొరలు, కాగితం జిగురుతో అతికి గట్టిపరుస్తారు. మేం అట్టలకు వాడిన లై లాంటిదే. చెబుదామంటే అప్పటికి నాయినమ్మ లేదు.

*

నాయినమ్మ ఊరు జనగామ అవతల. ఆమె నాట్యం నేర్చింది చిందు భాగవతం చూసి. నేర్చింది అంటే చెయ్యడం కాదు, చూడ్డం. చూడ్డమూ ఒక విద్యేనని నాకు ఆమె వల్లే తెలిసింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ ఊరికి పోతే రాత్రంతా ఆట ఉండేది. పెట్రోమాక్సు బుస్సుమంటుంటే, ముఖానికి అర్దళం పసుపు పూసుకుని, కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు కట్టుకుని వేషాలు వచ్చేవి. అర్దళం, కొబ్బరినూనె, చెమట కలిసిన ఆ వాసన ఇప్పటికీ ముక్కుకు తెలుసు. మేం ముందు వరసలో చాప మీద పడుకుని, నిద్రపోయి, గజ్జెల మోతకు ఉలిక్కిపడి లేచేవాళ్ళం.

ఆట బాగుందా లేదా అన్నది నాయినమ్మ అడుగును బట్టి చెప్పేది. "పాట ఎవలైన పాడుతరు. అడుగు సూడు" అనేది. వేషగాడు నేలను తొక్కితే ఆ తొక్కుడు చాప కింద మన వీపుకు తెలియాలి. తెలియకపోతే ఎంత కిరీటం పెట్టుకున్నా ఆమె లెక్కలో వాడు రాజు కాడు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ ఆడవేషం, మగవేషం రెండూ కట్టి మెప్పించింది. అంతటి కళాకారిణి అడుగును నాయినమ్మ చూసి ఉంటే ఏమనేదో వినాలని నాకు ఎప్పుడూ ఉండేది.

పెద్దయ్యాక రామప్ప గుడికి పోయినప్పుడు మళ్ళీ ఆ మాటే గుర్తొచ్చింది. 1213 నాటి గుడి. చూరు కింద నల్లరాతి మదనికలు ముందుకు వాలి ఉంటాయి. కింద నిలబడి తలెత్తితే మనకు దగ్గరగా ఉండేవి వాళ్ళ పాదాలే. మొహం తర్వాత. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనికను అందరూ చూపిస్తారు. నేను చూసేది ఆ పక్కన ఒంటికాలి మీద బరువు ఆపుకున్నవాళ్ళను. కాకతీయ రాజు గణపతిదేవుని కొలువులో ఉన్న జాయప సేనాని 'నృత్తరత్నావళి' రాశాడు. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవాన్ని మళ్ళీ నిలబెట్టారు. రామప్ప ముందు ఆరుబయట పేరిణి చూస్తే అడుగు అంటే ఏంటో తెలుస్తుంది. అంతమంది మగవాళ్ళు ఒక్క దెబ్బగా దిగితే దుమ్ము మోకాలి దాకా లేస్తుంది. అదే పేరిణిని ఆడిటోరియంలో, తివాచీ పరిచిన వేదిక మీద వేస్తే సగం చచ్చిపోతుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

*

మా వాడలో మొదటి టీవీ వచ్చింది మా ఇంటికి కాదు, వెనకింటికి. సాలిడేర్. ఒకరు మిద్దెక్కి అంటెన్నా తిప్పితే, ఇంకొకరు కింద "ఆ... ఆ... అయిపాయె, ఎన్కకు తిప్పు" అని అరిచేవాళ్ళు. ఒక రాత్రి దూరదర్శన్‌లో హంసల కథ ఉన్న బ్యాలే, స్వాన్ లేక్ ముక్క ఒకటి వచ్చింది. నా అట్ట మీది మనిషి తలపాగాయే అది. కదిలే హంసను మొదటిసారి చూశాను.

నాయినమ్మ నా పక్కనే, గడప మీద కూర్చుంది. సంగీతం ఏ దేశానిదన్న ఆలోచన ఆమెకు రాలేదు. అమ్మాయిలందరూ వరసగా వచ్చి నిలబడుతుంటే కళ్ళార్పకుండా చూసింది. ఇంతలో కెమెరా హంస మొహం మీదికి పోయింది. కన్నీళ్ళు, కాటుక, పెద్ద కళ్ళు. అక్కడే ఉండిపోయింది.

"కాళ్ళు సూపియ్యరేందే? మొకం సూసి ఏం జేసుకుంట?"

ఆ వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఆమె అన్నది అక్షరాలా నిజం కాబట్టి. ఆ తర్వాత ఎన్ని రికార్డింగులు చూసినా నేను మొదట చూసేది అదే. కెమెరా ఎంత దూరంలో ఉంది, పాదాలు తెర అడుగున తెగిపోతున్నాయా, నేల కనిపిస్తోందా. నేల కనిపించని నాట్యం నాట్యం కాదు.

*

చైకోవ్‌స్కీ సంగీతం కూర్చిన స్వాన్ లేక్‌ను మొదట 1877లో మాస్కోలో ఆడారు. ఈనాడు మనం చూసే రూపం మాత్రం 1895లో పీటర్స్‌బర్గ్‌లో పెతిపా, ఇవానొవ్ అనే నృత్యకర్తలు తీర్చింది. మూడో అంకంలో, రాకుమారుణ్ణి మోసం చేసే నల్లహంస ఒంటికాలి మీద ముప్పై రెండు చుట్లు తిరగడం అప్పుడే, లెన్యాని అనే ఇటలీ నర్తకితో మొదలైంది. అప్పటి నుంచీ ప్రేక్షకులు వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నారు. ప్లిసెత్స్కయ ఆ ముప్పై రెండూ వెయ్యదు. వాటి బదులు వేదిక చుట్టూ వలయంగా, రాను రాను వేగం పెంచుతూ తిరుగుతుంది. ఇది లోపమనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. లెక్క కోసం తిరిగే చుట్లలో నాకు పాత్ర కనిపించదు. ఆమె తిరిగే వలయంలో ఆ మాయలాడి రాకుమారుణ్ణి ఎలా చుట్టేస్తోందో కనిపిస్తుంది. అంకె గొప్పదా, కథ గొప్పదా అంటే నేను కథ పక్షం.

ఆమె పేరు చెబితే ఎక్కువమందికి గుర్తొచ్చేది డైయింగ్ స్వాన్, అంటే చనిపోతున్న హంస. మూడు నాలుగు నిమిషాల తునక. సేన్ సాన్స్ చెల్లో సంగీతానికి ఫోకిన్ ఈ నాట్యాన్ని అన్నా పావ్లొవా అనే నర్తకి కోసం కూర్చాడు. పావ్లొవా చేసిన మూగ ఫిల్ము మిగిలి ఉంది. ఆ పాత ఫిల్ముల వేగం తేడా వల్ల ఆమె కొంచెం గబగబా కదులుతున్నట్టు ఉంటుంది, అది మనసులో సర్దుకుని చూడాలి. పావ్లొవా హంస భయపడుతుంది, చావు వచ్చిందని తెలిసి అల్లాడుతుంది. ప్లిసెత్స్కయకు ముందుతరం రష్యన్ నర్తకి ఉలానొవా హంస ఒప్పుకుంటుంది. ప్లిసెత్స్కయ హంస ఒప్పుకోదు. చివరి క్షణం దాకా ఆ చేతులు పోట్లాడుతూనే ఉంటాయి. భుజం నుంచి మొదలైన కదలిక మోచేతికి, మణికట్టుకు, వేళ్ళ కొసలకు ఒక్కో కీలూ దాటుకుంటూ పోతుంది. అక్కడికి చేరేలోపే భుజం దగ్గర ఇంకోటి పుడుతుంది. అరవై దాటాక కూడా ఆమె దీన్ని ఆడింది, ఆ రికార్డింగులూ ఉన్నాయి. కాళ్ళు నెమ్మదించాయి, చేతులు నెమ్మదించలేదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసేది ఆమె వచ్చే తీరు. ప్రేక్షకుల వైపు వీపు పెట్టి వస్తుంది. మొహం కనిపించదు. సన్నటి వీపు, రెండు చేతులు, కింద చిన్న చిన్న అడుగులు, అంతే. అది చూసిన మొదటిసారే నాకు భామాకలాపం గుర్తొచ్చింది. హైదరాబాద్ రవీంద్రభారతిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూశాను. తెర పట్టుకుని ఇద్దరు నిలబడతారు. భామ రాదు, ముందు జడ వస్తుంది. తెర మీదుగా ఆ జడ ఇవతలికి పడుతుంది. నాగరం, బిళ్ళలు, కుచ్చులతో ఆ జడే చెబుతుంది అవతల ఉన్నది ఎంత గర్విష్ఠి అన్నది. తెర అంచు కింద గజ్జెల పాదం ఒకటి తాళం వేస్తుంటుంది. మొహం ఇంకా చూడనే లేదు, పాత్ర మాత్రం మన ముందు నిలబడిపోయింది. మాస్కో ఆవిడకు, కూచిపూడి ఆయనకు ఒకరితో ఒకరికి పరిచయం ఉండాల్సిన పని లేదు. మొహం దాచి ఒళ్ళంతటితో మాట్లాడటం పెద్ద నర్తకులకు తెలిసిన సంగతి.

కూచిపూడి నృత్యనాటకాలను మన వాళ్ళు బ్యాలే అనే పిలిచేవాళ్ళు. "చినసత్యం గారి బ్యాలే ఉంది, పోదాం పదండి" అనడం నాకు బాగా తెలుసు. శ్రీనివాస కల్యాణం, చండాలిక, క్షీరసాగర మథనం... వెంపటి చినసత్యం గారు వేదికను గుంపులుగా నింపిన తీరు చూస్తే ఆ పిలుపులో తప్పు కనిపించదు. పట్రాయని సంగీతరావు గారి సంగీతం ఆ గుంపుల కదలికకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. శోభానాయుడి సత్యభామకు పేరు ఎక్కువ వచ్చింది. నాకు మాత్రం ఆమె చండాలికే ఇష్టం, భామలో లేని తడి అందులో ఉంది. సత్యనారాయణ శర్మ గారు, చినసత్యం గారు ఇద్దరూ 2012లోనే పోయారు. ఆ ఏడు నాకు బాగా కష్టంగా గడిచింది.

*

బాపుకు బ్యాలేలో నచ్చింది ఒక్కటే, స్పార్టకస్. బానిసల తిరుగుబాటు అంటే చాలు, ఆయన కుర్చీ ముందుకు జరుపుకునేవాడు. ఖచతూర్యాన్ సంగీతానికి గ్రిగరోవిచ్ 1968లో బోల్షోయ్‌లో కూర్చింది. స్పార్టకస్‌గా వసీలియెవ్, సేనాని క్రాసస్‌గా మారిస్ లియెపా. వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీలో చదివే దూరపు చుట్టం ఒకాయన దాని వీడియో కేసెట్ ఎక్కడి నుంచో తెచ్చాడు. అద్దె వీసీఆర్ పెట్టి చూశాం. గీతలు, మధ్యలో రంగు పోవడం, ఒకచోట టేపు నలిగి శబ్దం సాగడం. అయినా ఆ రాత్రి గదిలో ఉన్న మిల్లు వాళ్ళెవరూ లేచిపోలేదు.

వసీలియెవ్ ఎగిరి దిగడంలో ఉంది అసలు సంగతి. ఎగరడం చాలామంది ఎగురుతారు. ఆయన దిగినప్పుడు ఆ బరువు మనకు తెలుస్తుంది, బానిస మోసిన బరువంతా ఆ దిగడంలో ఉంటుంది. నాయినమ్మ చెప్పిన అడుగు అదే. లియెపా క్రాసస్ దానికి పూర్తిగా ఎదురు. కాలు తిన్నగా చాచి, నేలంటే అసహ్యం ఉన్నట్టు అడుగు వేస్తాడు. ఇద్దరి కాళ్ళు చూస్తే చాలు, ఎవరు దొరో ఎవరు బానిసో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. స్పార్టకస్ తన భార్య ఫ్రిజియాను ఒంటిచేత్తో తల పైకి ఎత్తి నిలబెట్టే చోట గదిలో అందరూ ఒక్కసారి "అబ్బ" అన్నారు. చివర స్పార్టకస్‌ను ఈటెల మీద పైకి లేపుతారు. బాపు టేపు వెనక్కి తిప్పించి అది మళ్ళీ చూశాడు. "కిందికి దించలేదు సూడు. సచ్చినంక గూడ పైననే ఉన్నడు" అన్నాడు. బ్యాలే విమర్శ నేను చాలా చదివాను. ఆ సన్నివేశం గురించి ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు.

ఇప్పటి స్పార్టకస్‌లు కూడా చూస్తాను. ఎత్తు ఎక్కువ, చుట్లు ఎక్కువ, కాళ్ళు అప్పటివాళ్ళకన్నా సాగుతాయి. బరువు లేదు.

*

1991 ఆగస్టు 19న మాస్కోలో ట్యాంకులు దిగిన రోజు, అక్కడి టీవీలో స్వాన్ లేక్ వేస్తూ పోయారని తర్వాత పత్రికల్లో చదివాం. బాపు ఆ పేపరు ముక్క నాకు ఇచ్చి, "నీ హంసే" అన్నాడు. కొద్దిరోజులకు 'సోవియట్ భూమి' గురించి, "పుస్తకం ఇగ రాదు బిడ్డా" అన్నాడు. రాలేదు. ఆ తర్వాతి జూన్ నుంచి వాడలో పిల్లల పుస్తకాలన్నిటికీ ఒకే రకం ఖాకీ అట్టలు. ఇంకొన్నాళ్ళకు మిల్లూ మూతపడింది. సైరన్ లేని పొద్దు ఎలా ఉంటుందో ఆ మిల్లు వాడలో ఉన్నవాళ్ళను అడగాలి. ఏ పనికీ వేళ తెలిసేది కాదు. బాపు చాన్నాళ్ళు షిఫ్టు వేళకే లేచి అరుగు మీద కూర్చునేవాడు.

ప్లిసెత్స్కయ తండ్రిని 1938లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపిందని, తల్లిని చంటిబిడ్డతో సహా నిర్బంధ శిబిరానికి పంపిందని నేను చదివింది ఆ తర్వాతే. మా అట్టల మీది పత్రికలో ఆ ముక్క ఎప్పుడూ లేదు. బాపుకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయినా ఆడింది గదా" అన్నాడు. డైయింగ్ స్వాన్ ఒప్పుకోని హంస ఎందుకయిందో నాకు అప్పటి నుంచి ఇంకాస్త అర్థమవుతుంది.

*

ఉలానొవా గురించి చెప్పకపోతే ఈ రాత నిండదు. ప్రొకోఫియెవ్ సంగీతానికి చేసిన రోమియో అండ్ జూలియట్ 1955లో సినిమాగా వచ్చింది. అందులో జూలియట్ వేసేనాటికి ఆమెకు నలభై దాటాయి. పెద్దవాళ్ళు ఇష్టం లేని పెళ్ళి కుదిర్చాక, పై వస్త్రం భుజాన వేసుకుని ఫాదర్ లారెన్స్ దగ్గరికి పరుగెత్తే చోటు ఒకటుంది. ఉన్నదంతా పరుగే, వేరే ఏ విన్యాసమూ లేదు. ఆ వస్త్రం వెనకాల గాలికి లేస్తుంటే ఆమె వయసు పదిహేనుకు దిగుతుంది. అతి కష్టమైన చుట్ల కన్నా ఈ పరుగు కష్టమని నా నమ్మకం. కావాలంటే ఈ కాలం వాళ్ళు అదే పరుగు చేసినవి చూడండి, ఎక్కువమంది పరుగెత్తుతున్నట్టు నటిస్తారు.

క్యూబా నర్తకి అలీసియా అలోన్సో ఆడిన జీసెల్ అనే బ్యాలేను కూడా ఇష్టపడతాను. చూపు దాదాపు పోయాక కూడా వేదిక మీది దీపాల గుర్తుతో ఆడింది. ఇక కార్మెన్ సూట్. అలీసియా మరిది అల్బెర్తో అలోన్సో 1967లో ప్లిసెత్స్కయ కోసం కూర్చింది. సంగీతాన్ని బిజే కార్మెన్ ఒపెరా నుంచి మలిచింది ప్లిసెత్స్కయ భర్త ష్చెద్రిన్. వేళ్ళ మీద నిలబడే మనిషి ఇక్కడ మడమ నేలకు కొట్టి, తుంటి మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. నాయినమ్మ ఇది చూసి ఉండాల్సింది.

స్వాన్ లేక్‌కు ప్లిసెత్స్కయవి రెండు రికార్డింగులు నా దగ్గర ఉన్నాయి. 1957 సినిమా ఒకటి, ఫదేయేచెవ్‌తో. 1976ది ఇంకొకటి, బొగతిర్యోవ్‌తో. అప్పటికి ఆమెకు యాభై. వయసులో ఉన్నది చూడాలంటే మొదటిది. నేను చూపించేది మాత్రం ఎప్పుడూ రెండోదే. ఆ వయసులో ఏ కదలికా వృథా చెయ్యదు.

తమ్ముని బిడ్డ హన్మకొండలోనే కూచిపూడి నేర్చుకుంటోంది. మొన్న ఫోన్ను స్టీలు డబ్బాకు ఆనించి, నిలువుగా పెట్టి, జతులు చేస్తూ రికార్డు చేసుకుంది. నాకు పంపితే చూసి ఆశ్చర్యపోయాను. తల నుంచి పాదం దాకా, కింద నేల బండలతో సహా నిండు మనిషి కనిపిస్తోంది. కోట్లు పెట్టి తీసే ఇప్పటి ప్రసారాల్లో అయిదారు కెమెరాలు మారి మారి మొహాన్ని, మోచేతిని, మళ్ళీ మొహాన్ని చూపిస్తాయి. ఈ పిల్ల ఫోను ఎవరూ చెప్పకుండానే నిలువు నాట్యాన్ని నిలువుగా పట్టింది. మడమ కొంచెం ఆలస్యంగా దిగుతోందని కూడా అందులోనే తెలిసింది. చెప్పాను, ఒప్పుకుంది, మళ్ళీ చేసి పంపింది.

వచ్చే ఆదివారం తమ్ముని ఇంట్లో పెద్ద టీవీకి ఫోను కలిపి చూద్దామనుకున్నాం. ఆ పిల్లకు తాత మెచ్చిన స్పార్టకస్ ముందు కావాలట. "అత్తా, ఈటెల సీన్ నుంచి పెట్టు" అంటోంది. నేను ఒప్పుకోలేదు. ముందు 1976 స్వాన్ లేక్ రెండో అంకం, హంస మొదటిసారి నీళ్ళ నుంచి వచ్చే చోటు నుంచి. ఆ తర్వాత భోజనం. స్పార్టకస్ మొదటి నుంచి చివరి దాకా చూడాలి, ఈటెల దగ్గరికి నడిచి పోవాలి గానీ దూకకూడదు.